రాజ్యాంగము పొరుగువానితో కూడ మాటలాడునా?



పల్లెనుండి ఒక పెద్దాయన మాకొక ఉత్తరము వ్రాసినారు. ఆయన కుమారునికి పట్టణములో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగము దొరికినది. గది కొరకు మూడిండ్లు తిరిగినాడట. మొదటి ఇంటివారు పేరు విని, ఊరు విని, చివరకు «మీరేమిట్లు?» అని అడిగి, చెప్పిన తరువాత «గది ఇప్పుడే మాటయిపోయింది బాబూ» అన్నారు. రెండవ ఇంటివారు «నీసు తినేవాళ్ళకు ఇవ్వము» అన్నారు. మూడవ ఇంటివారు సూటిగానే «ప్రార్థనలవాళ్ళకు ఇవ్వము» అన్నారు. ఆ తండ్రి మమ్మును అడిగినది ఇది: «అయ్యగారూ, కులము, మతము చూడరాదని రాజ్యాంగములోనే వ్రాసియున్నది గదా. మరి ఆ ఇంటివారు రాజ్యాంగము తప్పినట్టే గదా? కేసు పెట్టవచ్చునా?»

ఈ ప్రశ్నకు ఔననిగాని కాదనిగాని ఒక్క మాటలో జవాబు లేదు. మూడిండ్లకు మూడు జవాబులున్నవి. అవి తెలిసికొనక మన పిల్లలు రెండు విధములుగా నష్టపోవుచున్నారు. చట్టము తమ పక్షముననున్న చోట తలవంచుకొని వచ్చేయుచున్నారు. లేని చోట ఉన్నదనుకొని స్టేషనుకు వెళ్ళి నవ్వులపాలగుచున్నారు. కావున ఈ మాసము ఈ సంగతిని కొంచెము వివరముగా చూతము.

మొదట తెలిసికొనవలసినది, రాజ్యాంగములోని ప్రాథమిక హక్కులలో ఎక్కువ భాగము ప్రభుత్వమును ఉద్దేశించి చెప్పిన మాటలు. 15వ అధికరణము మొదటి ఖండము మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు అను కారణములచేత మాత్రమే ఏ పౌరునియెడలను భేదము చూపరాదని చెప్పుచున్నది. ఎవరు చూపరాదు? «రాజ్యము» చూపరాదు. రాజ్యమనగా ఏమో 12వ అధికరణము చెప్పుచున్నది: కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము, పార్లమెంటు, శాసనసభ, పంచాయతీ వంటి స్థానిక సంస్థలు, ఇతర అధికార సంస్థలు. మన ఊరి లెక్కలో చెప్పవలెనంటే పంచాయతీ కుళాయి, సర్కారు బడి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, ఆర్టీసీ బస్సు. వీటిలో ఎక్కడ భేదము చూపినను అది నేరుగా రాజ్యాంగమును తప్పుటయే. మన యౌవనస్థులు ఇంత అభిమానముతో చూచు క్రికెట్టును నడుపు బోర్డు మాత్రము రాజ్యము కాదని సుప్రీం కోర్టు 2005లో అన్నది. దేశము పేరు పెట్టుకొని ఆడినంత మాత్రాన ప్రభుత్వము కాదన్నమాట.

ఇంటి యజమాని రాజ్యము కాడు. ప్రైవేటు కంపెనీ రాజ్యము కాదు. టీ కొట్టువాడు రాజ్యము కాడు. అయితే వీరందరిని రాజ్యాంగము విడిచిపెట్టినదా? ఇక్కడనే మన రాజ్యాంగమునకును కొన్ని ఇతర దేశముల రాజ్యాంగములకును పెద్ద తేడా ఉన్నది.

అమెరికా సంగతి చూడండి. అక్కడ బానిసత్వము పోయిన తరువాత 1868లో తమ రాజ్యాంగమునకు 14వ సవరణ చేసికొనిరి. ఏ రాష్ట్రమును ఎవనికిని చట్టముల సమాన రక్షణను నిరాకరింపరాదని దాని భావము. 1875లో వారి పార్లమెంటు ఇంకొక అడుగు ముందుకు వేసి, సత్రములలోను, బండ్లలోను, నాటకశాలలలోను నల్లవారిని అడ్డగించరాదని చట్టము చేసినది. కాని 1883లో అక్కడి సుప్రీం కోర్టు ఆ చట్టములోని ముఖ్యమైన భాగమును కొట్టివేసినది. సవరణ «రాష్ట్రము» గురించి చెప్పినది గాని సత్రపువాని గురించి చెప్పలేదని దాని వాదము. హార్లన్ అను ఒక్క న్యాయమూర్తి మాత్రమే కాదన్నాడు. ఆ ఒక్క మాట పట్టింపువలన ఎనుబది సంవత్సరములు గడిచిపోయినవి. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అను ఊరిలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణములోని ఫలహారపు బల్లయొద్ద కూర్చుండి, వడ్డించువరకు లేవమనిరి. అదే దుకాణములో వారు డబ్బిచ్చి సామాను కొనవచ్చును, కూర్చుండి కాఫీ త్రాగరాదు. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. 1964లో కొత్త చట్టము వచ్చినది. దానిని కూడ సమానత్వపు సవరణమీద గాక, రాష్ట్రముల మధ్య వ్యాపారమును క్రమపరచు అధికారము మీద ఆధారపడి కోర్టు నిలబెట్టినది.

ఇల్లు గురించి కూడ అక్కడ ఒక వ్యాజ్యము నడిచినది. సెయింట్ లూయిస్ నగరములో 1911లోనే ఒక వీధివారిలో చాలామంది కూడి, నల్లవారికి ఇండ్లు అమ్మరాదని పత్రము వ్రాసికొనిరి. 1945లో షెల్లీ అను నల్లజాతి కుటుంబము అక్కడ ఇల్లు కొన్నది. పొరుగువారు కోర్టుకెక్కిరి. 1948లో సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు ఆలోచింపదగినది. వీధివారు తమలో తాము వ్రాసికొన్న కాగితము వారి సొంత సంగతి, దానిని తాను ఆపలేదు. కాని ఆ కాగితమును పట్టుకొని ఒక కుటుంబమును వెళ్ళగొట్టుమని కోర్టు ఆజ్ఞాపించినచో అది ప్రభుత్వము చేసిన పని అగును, అది చెల్లదు అన్నది. ఈ మాటను మనస్సులో పెట్టుకొనండి, పోలీసు స్టేషను సంగతి వచ్చినప్పుడు మరల పనికివచ్చును.

ఇక మన దేశము. అంబేద్కరుగారు 1913నుండి 1916వరకు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయములో చదివినారు. కాని ప్రైవేటువాని తలుపు ఎంత గట్టిదో తెలిసికొనుటకు ఆయనకు అమెరికా అక్కరలేదు. మహారాష్ట్రములో మహాడ్ అను ఊరిలో చవ్‌దార్ చెరువున్నది. బహిరంగ స్థలములను అంటరానివారికి కూడ తెరువవలెనని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించినది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడ చెరువు తెరచితిమని తీర్మానము చేసినది. అంటే ప్రభుత్వము తన పని చేసినది. అయినను ఆ తీర్మానము కాగితము మీదనే ఉండిపోయినది. ఊరిలోని సవర్ణులు దిగనియ్యలేదు. 1927 మార్చి 20న అంబేద్కరుగారు వేలాదిమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు త్రాగినారు. వెంటనే వారిమీద కొట్లాట జరిగినది, చెరువుకు శుద్ధి కూడ చేసిరి. పశువులు దిగిన నీళ్ళకు లేని మైల మనుష్యులు త్రాగినందుకు వచ్చినదట! తరువాత అది మా సొంత చెరువని కొందరు కోర్టుకెక్కగా, 1937లో బొంబాయి హైకోర్టులో తీర్పు అంబేద్కరుగారి పక్షమున వచ్చినది. మూడు గుక్కల నీళ్ళకు పది సంవత్సరములు.

ప్రభుత్వమును ఒక్కదానిని కట్టివేసినంతమాత్రాన దప్పిక తీరదని ఇది చూచినవారికి తెలియును. కావుననే మన రాజ్యాంగములో 15వ అధికరణమునకు రెండవ ఖండమున్నది. అందులోని నిషేధము రాజ్యమునకు మాత్రమే అని లేదు. కులమునుబట్టి గాని మతమునుబట్టి గాని ఏ పౌరుని దుకాణములలోనికి, భోజన హోటళ్ళలోనికి, వినోద స్థలములలోనికి రానియ్యకుండరాదు. ప్రభుత్వ ధనముతో నడచునవి గాని, ప్రజలందరి వాడుకకు విడిచినవి గాని అయిన బావులు, చెరువులు, స్నానఘట్టములు, దారులు వాడుకొననియ్యకుండరాదు. ఇది ప్రభుత్వముతో చెప్పిన మాట కాదు, కొట్టువానితోను బావి గట్టుమీద నిలిచినవానితోను చెప్పిన మాట. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ ఖండము చర్చకు వచ్చినప్పుడు దుకాణమనగా ఏమని సభ్యులు అడిగిరి. సేవ కోరి వచ్చినవానికి సేవ అందించు ప్రతి చోటును ఈ మాటలో ఇమిడియున్నదని అంబేద్కరుగారు జవాబిచ్చిరి. బట్టలుతుకు షాపు, క్షౌరశాల కూడ ఇందులోనివే. ప్రైవేటు విద్యాసంస్థలు సైతము ఈ మాట క్రిందికి వచ్చునని 2011లో ఢిల్లీలోని ఆర్మీ వైద్య కళాశాల విషయమై సుప్రీం కోర్టు చెప్పినది.

అదే రోజున సభ అంటరానితనమును రద్దుచేయు అధికరణమును కూడ అంగీకరించినది. అదే నేటి 17వది. ఏ రూపములో దానిని ఆచరించినను నేరమే. ఎవరు ఆచరించినను అని వేరుగా చెప్పనక్కరలేదు, అందరికిని అది వర్తించును. 17వ అధికరణమును, వెట్టిచాకిరిని నిషేధించు 23ను, ప్రమాదకరమైన పనులలో బాలలను పెట్టరాదను 24ను ప్రైవేటు వ్యక్తులమీద కూడ అమలుచేయవలెననియు, వారు వాటిని మీరకుండ చూచుట ప్రభుత్వపు విధియనియు సుప్రీం కోర్టు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కూలీల వ్యాజ్యములో స్పష్టముగా చెప్పినది. అక్కడ కూలీలను పెట్టుకొన్నవారు కాంట్రాక్టర్లే, అయినను ప్రభుత్వము చేతులు దులుపుకొనరాదన్నది.

17వ అధికరణమును అమలుచేయుటకు 1955లో ఒక చట్టము వచ్చినది. 1976నుండి దానిని పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పిలుచుచున్నాము. హోటలులో అందరికి పెట్టిన గ్లాసు ఒకనికి ఇయ్యకపోవుట దీనిక్రింద నేరము. బావి, కుళాయి, దారి, శ్మశానము అడ్డగించుట నేరము. సరకు అమ్మననుట, పని చేయననుట కూడ నేరమే. శిక్ష నెలకు తక్కువ కాకుండ ఆరు నెలల వరకు జైలు, వంద రూపాయలకు తక్కువ కాకుండ ఐదువందల వరకు జరిమానా. జరిమానా చిన్నదే, కాని జైలు జైలే. కర్ణాటకములో కొత్తగా త్రవ్విన బోరుబావియొద్ద హరిజనులను తుపాకి చూపి బెదిరించి నీళ్ళు తోడుకొననియ్యలేదు. క్రింది కోర్టు శిక్ష వేయగా హైకోర్టు విడిచిపెట్టినది. 1992 డిసెంబరు 1న సుప్రీం కోర్టు ఆ శిక్షను మరల నిలబెట్టినది. అందులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్ళిన న్యాయమూర్తి కె. రామస్వామిగారు అంటరానితనమును గురించి వేరుగా సుదీర్ఘమైన తీర్పు వ్రాసిరి.

ఇప్పుడు ఆ తండ్రిగారి మూడిండ్లకు వచ్చెదము.

అద్దె ఇల్లు దుకాణము కాదు, హోటలు కాదు. 15వ అధికరణము రెండవ ఖండములో ఇల్లు అను మాట లేదు. 2005లో అహమ్మదాబాదులోని పార్సీల గృహనిర్మాణ సహకార సంఘమువారి వ్యాజ్యము సుప్రీం కోర్టుకు వచ్చినది. పార్సీలు కానివారికి సభ్యత్వము లేదని ఆ సంఘపు నిబంధన. అది చెల్లునని కోర్టు చెప్పినది. కొందరు కూడి సంఘము పెట్టుకొన్నప్పుడు ఎవరిని చేర్చుకొనవలెనో వారి ఇష్టము, ప్రాథమిక హక్కుల అధ్యాయము వారికి అడ్డురాదు, మార్చవలెనంటే శాసనసభ మార్చవలెను అని దాని సారాంశము. చిన్న మైనారిటీ తమవారితో కలిసియుండుటకు చేసికొన్న ఏర్పాటని దానిని సమర్థించువారున్నారు. కాని అదే తలుపును పెద్ద సంఖ్యలోనున్నవారు మూసినప్పుడు మూడిండ్లు తిరిగిన పిల్లవానికి ఏమి మిగులును? ఈ తీర్పు మాకు మింగుడుపడలేదు. 2023 జనవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో ఎక్కువమంది, 19, 21 అధికరణముల హక్కులను ప్రైవేటు వ్యక్తులమీద కూడ అడుగవచ్చునన్నారు. అయితే దానివలన అద్దె ఇంటి తలుపు తెరచుకొన్నదని మాత్రము మేము మీకు చెప్పజాలము.

కాబట్టి మూడవ ఇంటివారు, అనగా «ప్రార్థనలవాళ్ళకు ఇవ్వము» అన్నవారి మీద దేశమంతటికి వర్తించు చట్టమేదియు మనకు తోడురాదు. రెండవ ఇంటివారి మాట కూడ అంతే. నీసు సాకు అనుచుందురు, సాకని నిరూపించుట కష్టము. మొదటి ఇంటివారి సంగతి వేరు. 1955 చట్టము 4వ సెక్షనులో చాలామంది వకీళ్ళు కూడ చదువని ఒక అంశమున్నది. అంటరానితనము కారణముగా ఎవనినైనను ఏ ప్రాంతములోనైనను ఇల్లు కట్టుకొనుటలోగాని, సంపాదించుకొనుటలోగాని, కాపురముండుటలోగాని అడ్డగించుట నేరము. భేదము చూపుట కూడ అడ్డగించుటయేనని దానికి వివరణ కలదు. కులము అడిగి, తెలిసికొని, అందుచేతనే గది లేదన్నచో ఈ మాటను పట్టుకొని ఫిర్యాదు వ్రాయవచ్చును.

కాని ఇక్కడ మన క్రైస్తవులకు ఒక చిక్కున్నది, దానిని దాచుట మంచిది కాదు. బాధితుడు షెడ్యూలు కులమువాడైతే, జరిగినది అంటరానితనమువలననే జరిగినదని కోర్టు భావించవలెనని అదే చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. కాదని ఎదుటివాడే నిరూపించుకొనవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు, 1956నుండి సిక్కులు, 1990నుండి బౌద్ధులు మాత్రమే షెడ్యూలు కులములవారు. కాగితముమీద క్రైస్తవుడైన దళితునికి ఈ భావన దొరకదు, రుజువు భారము తనమీదనే పడును. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టము కూడ ఎస్.సి., ఎస్.టి.లకు మాత్రమే. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువుయొద్ద మొదలైన తగాదా ఆరుగురు మాదిగ సహోదరుల ప్రాణములు తీసినది. అటువంటి ఘోరములు చూచిన తరువాత వచ్చిన చట్టమది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవ మతములోనికి మారినవాడు ఆ చట్టపు రక్షణ కోరజాలడని చెప్పినది. అయితే 1955 చట్టములో మాత్రము «ఎవనినైనను» అని ఉన్నది గాని ఎస్.సి. అని లేదు. ఈ తేడాను బాగుగా గుర్తుంచుకొనండి. తలుపు చిన్నదే, మూతపడలేదు. (సర్టిఫికెట్టు సంగతి అడుగుచు వ్రాసినవారికి: దానికి ఒక సంచిక సరిపోదు, వేరుగా వ్రాసెదము.)

ప్రైవేటువారిని కట్టడిచేయు చట్టము చేయుటకు పార్లమెంటుకు చేతకాదనుకొనకండి. 2017లో హెచ్.ఐ.వి. చట్టము చేసినప్పుడు, ఆ రోగమున్నవారికి ఇల్లు అద్దెకియ్యననుటను, ఉద్యోగమియ్యననుటను అందులోనే నిషేధించిరి, ప్రైవేటువారికి కూడ. 2016లో వికలాంగుల హక్కుల చట్టము ప్రైవేటు సంస్థలను కూడ కట్టివేసినది. కులము, మతము విషయములో సమాన అవకాశముల కమిషను ఒకటి కావలెనని 2006లో సచార్ కమిటీ సలహా చెప్పినది. అద్దె ఇండ్లు, ప్రైవేటు ఉద్యోగములు కలుపుకొని ఒక సమగ్ర చట్టము ఇంకను రాలేదు. మన ఎం.పి.లు ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు గురించి, పెన్షను గురించి అడుగుచున్నాము. ఇది కూడ అడుగవలసినదే.

ఇక మన సంఘముల మాట. మనము కూడ ఇష్టపడి కూడుకొన్న ప్రైవేటు సమాజమే. ఎవరిని చేర్చుకొనవలెనో చాలావరకు మన ఇష్టమే. ఒంగోలులో 1860ల చివరలో మాదిగలు బాప్తిస్మము పొందుట మొదలైనప్పుడు, అక్కడి పెద్ద కులములవారు క్లౌ దొరగారియొద్దకు వచ్చి, వీరిని చేర్చుకొనినచో మేము మీ బడికి రాము, సహాయము చేయము అన్నారు. ఆయనయు ఆయన భార్యయు వేర్వేరు గదులలో కూర్చుండి లేఖనము తెరచి చూడగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడినదని ఆయన వ్రాసికొన్నారు. మాదిగలను విడువలేదు. అప్పుడు ఏ రాజ్యాంగమును ఆయనను బలవంతపెట్టలేదు. ఈనాడు మన పల్లెలలో మాలవారి గుడి, మాదిగవారి గుడి అని పేరు పెట్టి పిలుచుచునే ఉన్నాము. కొన్నిచోట్ల సమాధుల దొడ్డికి నడుమ గోడ కట్టి, ఆ గోడకు సున్నము కూడ వేయుచున్నారు! అదే 1955 చట్టము 3వ సెక్షను, ఒకే మతమువారికి తెరచియున్న ఆరాధన స్థలములోనికి అంటరానితనము పేరిట ఎవనిని రానియ్యకపోయినను నేరమని చెప్పుచున్నది, అది చర్చికి కూడ వర్తించును. శ్మశానము సంగతి 4వ సెక్షనులోనే ఉన్నది. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివి వినిపించి, తరువాత సమాధికి స్థలము లేదనెడి పెద్దలు, పోలీసువారు వచ్చినప్పుడు ఇది మా మతవిషయమని చెప్పి తప్పించుకొనజాలరు.

పోలీసు స్టేషను సంగతి చెప్పెదమంటిమి. గది ఇయ్యనివాడు ప్రైవేటువాడు. టీ గ్లాసు వేరుగా పెట్టినవాడు ప్రైవేటువాడు. కాని ఫిర్యాదు తీసికొననన్న ఎస్.ఐ. ప్రైవేటువాడు కాడు, ఆయన రాజ్యము. అక్కడనుండి సంగతి పొరుగువాని తప్పు కాదు, ప్రభుత్వపు తప్పు. 1955 చట్టము 10వ సెక్షను ప్రకారము, ఇటువంటి నేరమును దర్యాప్తు చేయకుండ కావాలని నిర్లక్ష్యము చేసిన ప్రభుత్వోద్యోగి ఆ నేరమునకు తోడ్పడినవాడుగా ఎంచబడును. యెరూషలేములో తనను కొరడాలతో కొట్టబోయిన శతాధిపతితో పౌలుగారు తన రోమా పౌరసత్వము గురించి అడిగిన సంగతి (అపొ. కార్య. 22) మన పెద్దలు ప్రసంగములలో చెప్పుచుందురు. అధికారితో మర్యాదగా, కాని తెలిసి మాటలాడుట పాపము కాదు.

కావున ఆ తండ్రిగారు చేయవలసినది. మొదటి ఇంటి విషయము మాత్రమే ఫిర్యాదుగా వ్రాయండి, మూడును కలుపవద్దు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు వ్రాయండి. అబ్బాయితో వెళ్ళిన స్నేహితుడుంటే సాక్షిగా అతని పేరు వ్రాయండి. పౌర హక్కుల పరిరక్షణ చట్టము 4వ సెక్షనని స్పష్టముగా పెట్టండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి.లకు, ఆదాయము తక్కువైనవారికి వకీలును ఉచితముగా ఇచ్చెదరు, 15100 అను నంబరుకు ఫోను చేసినను చెప్పెదరు. ఎస్.ఐ.గారు తీసికొనకపోతే అదే ఫిర్యాదును ఎస్.పి.గారికి స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికిని కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టున్నది. పోస్టాఫీసువారిచ్చు రసీదును మాత్రము పారవేయకండి. బైబిలులో పెట్టి దాచండి.